కొండాపూర్‌లో నాకు మాటొచ్చింది

సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ వెళ్ళి వచ్చానని చెబితే మా స్కూల్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ చూడ్డానికేముంది?" అని. సర్కారువారు తవ్విన పాత దిబ్బ ఒకటుందట. అందులో వెనకటి రాజుల నాణేలు, పూసలు దొరికాయట. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేను ఆ దిబ్బ ముఖం చూడలేదు. నేను చూసిందల్లా ఒక పెళ్ళి. అందులోనూ మగపెళ్ళివారికి ఎదురెళ్ళి స్వాగతం చెప్పే ఎదురుకోళ్ళు పోలీసు క్యాంపులో జరిగాయి. ఇక దిబ్బకు తీరికెక్కడిది?

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నిజాం రాజ్యం పోయి కొత్త సర్కారు వచ్చాక, పిల్లలకు తెలుగు చెప్పేవాళ్ళు కావాలంటే ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాను. మొదట్లో బాగానే ఉంది. 1951 ఎండాకాలం నాటికి మాత్రం, నా నోట్లోంచి 'అండీ' అన్న మాట రాగానే ఎదుటివాళ్ళ ముఖం మారిపోయేది. తమ పిల్లలకు దక్కాల్సిన ఉద్యోగాలు మావైపు వాళ్ళు తన్నుకుపోయారని వాళ్ళ కోపం. వాళ్ళ స్థానంలో నేనుంటే నాకూ వచ్చేది. అలాగని నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల కాదు. పసిపిల్లలకు మాటలు త్వరగా రావాలని వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు కదా, మా అమ్మ నాకు ఆ వస మోతాదు మించి రాసిందని మా ఇంట్లో అందరి అభిప్రాయం.

రజియా బేగం మా స్కూల్లో ఉర్దూ టీచరు, సంగారెడ్డి పిల్ల. ఆమె పుట్టినప్పుడు తల్లికి జబ్బు చేస్తే, అప్పట్లో వాళ్ళ పక్కింట్లో ఉండే నాగమ్మ తన పాలిచ్చి బతికించిందట. ఆ నాగమ్మ ఇప్పుడు కొండాపూర్‌లో ఉంటోంది. ఆమె కూతురు యాదమ్మకు పెళ్ళి.

"నాతోని రా సరళా, మా దిక్కు పెండ్లి సూద్దువు గాని" అంది రజియా. ఎగిరి గంతేశాను.

పటాన్‌చెరు: నేను మూగదాన్నయిన చోటు

బస్సు పటాన్‌చెరులో ఆగింది. ఎవరో చెయ్యెత్తితే ఆగలేదు, ముందు మూతలోంచి పొగ వచ్చి ఆగింది. డ్రైవరు డబ్బా పట్టుకుని నీళ్ళకు పోయాడు. దిగినవాళ్ళందరం చింతచెట్టు నీడలో చేరాం. అక్కడ ఒక ముసలమ్మ గంపలో ఉడికించిన శనగలు అమ్ముతోంది. మావైపు వాటిని గుగ్గిళ్ళంటాం, ఇక్కడ గుడాలంటారు. పేరేదైనా ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపితే ప్రాణం లేచొస్తుంది.

రెండు పొట్లాలు కొని డబ్బులిచ్చాను. ముసలమ్మ నేనిచ్చిన ఇండియా అణాను అటూ ఇటూ తిప్పి, కొరికి చూసి, "గిదేం బిళ్ళ బిడ్డా? హాలీ సిక్క లేదా?" అంది, నిజాం నాటి నాణెం కోసం.

పక్కనే రుమాలు చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన అప్పుడే వేడి మీదున్నాడు. "ఏ దఫ్తర్ల జూసినా బయటోల్లే! మనోల్లకు చప్రాసీ నౌకరి గూడ లేకపాయె" అంటున్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో. సరిగ్గా ఆ క్షణంలో నేను ముసలమ్మకు 'లేదండీ' అని చెప్పబోయి 'లే' దాకా వచ్చాను. రజియా నా పొట్లంలోంచి గుప్పెడు గుడాలు తీసి నా నోట్లో కుక్కింది.

"గామె మూగదవ్వా. మాట రాదు" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

గుడాలు గొంతుకు అడ్డం పడి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి ముసలమ్మ కరిగిపోయి ఇంకో గుప్పెడు కొసరు వేసింది. మూగవాళ్ళకు చెవుడు కూడా ఉంటుందని లోకమంతా ఎందుకు నమ్ముతుందో తెలీదు గానీ, రుమాలాయన నా దగ్గరికొచ్చి చెవిలో అరిచాడు.

"ఏ ఊరు బిడ్డా మీది? సంగారెడ్డేనా?"

నేను బుర్ర ఊపాను.

"సూడుండ్రి, గిసొంటి మన పిల్లలకు గదా నౌకరీలియ్యాలె" అన్నాడు జనంతో. బస్సు బయల్దేరాక తన సీటు కూడా నాకే ఇచ్చాడు. హైదరాబాదులో నా మాటకు ఎన్నడూ దొరకని చోటు ఆ రోజు నా మౌనానికి దొరికింది. రజియా మాత్రం బుర్ఖా ముసుగులో సంగారెడ్డి దాకా నవ్వుతూనే ఉంది. ఆ గుడ్డ కదలడం నాకు కనబడుతూనే ఉంది.

సంగారెడ్డి: తలుపులేసుకున్న పాట

రజియా వాళ్ళ నాన్న పాత సర్కారులో చిన్న కొలువు చేసేవాడు. సర్కారుతో పాటు కొలువూ పోయింది. పొద్దుగూకే వేళకు మేం వెళ్ళేసరికి ఇంటి కిటికీలు, తలుపులు అన్నీ బిగించి ఉన్నాయి. ఆ ఎండల్లో గదులు ఉడికిపోతున్నాయి. లోపలినుంచి సన్నగా ఏదో మూలుగు వినిపిస్తే ఎవరికో జ్వరం అనుకున్నాను. చూస్తే ఆయన హార్మోనియం మీద రెండు బొంతలు కప్పి, బొంతల కింద చేతులు దూర్చి వాయిస్తూ, గొంతులోపలే పాడుకుంటున్నాడు.

"గట్టిగ పాడితే పాత రాజ్యం కోసం ఏడుస్తున్నడు అంటరు బేటీ. పాడకపోతే నాకే పాగల్ లేస్తది. అందుకని దీనికి గుడ్డ కప్పిన" అన్నాడు సిగ్గుపడుతూ. వెనకటికి ఆ ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వీధంతా కూర్చుని పాటలు వినేదట. రజియా తల్లి ఆ మాట చెబుతూ నా కంచంలో చింతపండు పప్పు మూడోసారి పోసింది. మా గోంగూరతో పోటీ పడగల పులుపు ఇంకొకటుందని ఆ పూటే ఒప్పుకున్నాను.

నేను అలవాటుగా సైగలతో 'చాలు చాలు' అంటుంటే పెద్దాయన నవ్వాడు. "ఈ ఇంట్ల మాట్లాడొచ్చమ్మా. తలుపులు ఎట్లనూ మూసే ఉన్నయి" అన్నాడు. ఇక నేను ఆగలేదు. పడుకునే దాకా మాట్లాడాను. ఆయన బొంతల కింద వాయించాడు. మా ఇద్దరికీ హాయిగా ఉంది. అయితే పాటను అలా దుప్పటి కప్పి దాచుకోవలసి రావడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

కొండాపూర్: బచ్చాలు, వస

మర్నాడు ఎడ్లబండి మీద కొండాపూర్ చేరాం. నాగమ్మ నిలువెత్తు మనిషి. రజియాను గుండెకు అదుముకుంది. తర్వాత నన్ను చూసి, "గీ పిల్లెవరు?" అంది.

రజియా నిజం చెప్పేస్తుందనుకున్నాను. కానీ వాకిలి నిండా చుట్టాలున్నారు. వాళ్ళలో ఎవరికి ఏం కోపముందో రజియాకు తెలీదు. "నా దోస్తు, మూగది" అని పాత పాటే పాడింది.

"అయ్యో బిడ్డా! చిన్నప్పుడు వస నాకిపియ్యలేదా నీకు?" అని నాగమ్మ వెంటనే లోపలికి పోయి, కొమ్ము తెచ్చి, సానమీద అరగదీసి, నా గడ్డం పట్టుకుని నాలుకంతా పూసింది. వస చేదు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా తెలీదు. కేక పెడితే నాటకం బయటపడుతుంది. గుడ్లు మిటకరించి మింగాను. "పొద్దుమాపు రాస్త. నాల్గు దినాల్ల మాటొస్తది సూడు" అంది నాగమ్మ. రజియా పందిరిగుంజను కరుచుకుని వీపు తిప్పుకుంది.

వాకిట్లో ఆడవాళ్ళు బచ్చాలు చేస్తున్నారు. మా బొబ్బట్లే అవి. పిండి కలుపుతూ, పూర్ణం రుబ్బుతూ వియ్యాలవారిని తిట్టే పాటలు కడుతున్నారు. మగపెళ్ళివారు ఇంకా రానేలేదు, వాళ్ళ ముక్కులు, పొట్టలు, పిసినారితనం అన్నీ పాటల్లోకి వచ్చేశాయి. మా తెనాలి వైపూ ఈ సరదా ఉంది. నియమం కూడా ఒకటే. పాటలో ఎంత తిట్టినా వియ్యంకుడికి కోపం రాకూడదు. వస్తే పరువు పోతుంది. పాట ఆపించుకోవాలంటే పాడినవాళ్ళకు ఏదో ఒక కట్నం ఇచ్చుకోవాలి. వాళ్ళు తడబడిన చోటల్లా పాదం అందించాలని నా నాలుక దురద పెట్టింది. దాని మీద వస తప్ప ఏమీ లేదు.

పొద్దు వాలుతుండగా రావలసిన మగపెళ్ళివారి బండ్లు రాలేదు. వాటికి బదులు పెళ్ళికొడుకు మేనమామ సాయన్న ఒక్కడే, భుజాన భజన తాళాలతో నడుచుకుంటూ వచ్చాడు.

"బాలయ్యను పట్టిండ్రు. మా భజనోల్లందరిని పట్టిండ్రు. ముసలోన్నని నన్నొక్కన్ని ఇడిసిండ్రు" అని వాకిట్లో కూలబడ్డాడు.

పెళ్ళికొడుకు బాలయ్యది చిట్కుల్. వాళ్ళ ఊళ్ళో భజన బృందం ఉంది, బాలయ్యే దానికి గొంతు. బండ్ల మీద వస్తూ శివుడికి మారేడు ఆకు మీద కట్టిన పాట పాడుకుంటున్నారు. మారేడు ఆకును దళం అంటాం కదా.

"అడవిలోని దళము వచ్చె తలుపు తీయవయ్యా
ఒక్క దళమె చాలునయ్య ఓ శివయ్యా"

ఇదీ పాట. దారిలో ఉన్న పోలీసు క్యాంపు ముందు బీదరు వైపునుంచి వచ్చిన జవాను ఒకడు ఇది విన్నాడు. అతనికి పూజలూ తెలీవు, మారేడూ తెలీదు. ఆ రోజుల్లో దళం అంటే అతనికి తెలిసింది ఒక్కటే, తుపాకులతో అడవిలో తిరిగే వాళ్ళ జట్టు. ఆ దళం అడవినుంచి వస్తోందని, తలుపు తీయమని అరుచుకుంటూ బండ్ల నిండా మనుషులు వస్తుంటే ఊరుకుంటాడా?

మూడో చరణంలో 'మూడు రేకుల దళము' అని కూడా ఉందట. దళంలో ముగ్గురున్నారని లోపలికి కబురిచ్చాడు.

నాకు నవ్వు ముంచుకొచ్చింది. చుట్టూ చూస్తే ఎవరూ నవ్వడం లేదు. అలా దళం పేరుతో పట్టుకుపోయినవాళ్ళు నెలల తరబడి ఇళ్ళకు రాని కాలం అది. మర్నాడు మధ్యాహ్నం లగ్నం. అది కాక ముందే వాళ్ళను జిల్లా జైలుకు పంపుతారని సాయన్న విన్నాడు. పసుపు బట్టల్లో ఉన్న యాదమ్మ గడప మీద కూర్చుని మోకాళ్ళలో తల దాచుకుంది.

"ఈ దినాలల్ల గా భజనలెందుకయ్యా?" అన్నారెవరో.

సాయన్నకు కోపమొచ్చింది. "నల్గురం ఒక్కతాన కూసుంటె మీటింగంటరు. తాళాలు పట్టుకోని కూసుంటె భజనంటరు. మా ఊర్ల రెండు మూడేండ్లసంది ఒగని మొకం ఒగడు సూసుకున్నదే గా తాళాల సప్పుడుల. పాట గూడ లేకుంటె ఎన్నడో ఆగమయితుంటిమి" అన్నాడు.

నాగమ్మ లేచి కొంగు బిగించింది. "పొద్దుగాల ఎదురుకోళ్ళకు పోదాం పట్టుండ్రి" అంది.

"యాడికి?"

"పెండ్లికొడుకు ఎవరింట్ల ఉంటె గాడికి. గా ఇంటోడే మనకు వియ్యంకుడు."

దారిలో ఒక క్యాంపు

ఆ క్యాంపు ఏ ఊరి పొలిమేరలో ఉందో చెప్పను. అక్కడి అమీనుకు, అంటే పోలీసు అధికారికి, ఈపాటికి ప్రమోషను వచ్చి ఉంటుంది, నావల్ల ఆగిపోకూడదు.

ముందు డప్పులు, వెనక బెల్లం పానకం బిందెలు, గంధం గిన్నె, ఆ వెనక ఇరవై ముప్ఫైమంది ఆడవాళ్ళు, వాళ్ళలో రజియా, నేను. డేరాలోంచి అమీను బయటికొచ్చాడు. గడ్డం గీసుకుంటున్నట్టున్నాడు, ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ ఉంది. "ఏంటండీ ఈ గోల? ఆయ్?" అన్నాడు.

ఆ 'ఆయ్' వినగానే పోల్చుకున్నాను. గోదావరి మనిషి!

ఆయన ఇంకేదో అనేలోపు నాగమ్మ ఆ నున్నటి చెంపకు గంధం పూసి, చేతిలో పానకం చెంబు పెట్టి పాట ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు.

"వియ్యంకుడొచ్చె సూడు ఓ వదినా
వాని టోపి సూడు ఓ వదినా
టోపి కింద తలకాయ యాడున్నదో
లెంకి సూడు ఓ వదినా"

అమీను బిత్తరపోయాడు. "ఏమంటున్నారు వీళ్ళు?" అని జవానును అడిగాడు. అతను ఆ దళం జవానే.

"సాబ్, తలకాయ అంటున్నరు. తలకాయ లెంకాలంటున్నరు" అన్నాడు జవాను.

"లెంకడమంటే?"

జవాను గాల్లో చేతులు తిప్పుతూ ఏదో వెతుకుతున్నట్టు, ఏదో అందుకుని పట్టేస్తున్నట్టు అభినయించాడు. లెంకడమంటే వెతకడమే, కానీ అతని అభినయం అచ్చం తల కోసేస్తున్నట్టే ఉంది. అమీను ముఖం ఎర్రబడింది. పానకం చెంబు కింద పెట్టేశాడు. "నా తలకాయ తీస్తారా? ఆడవాళ్ళని చూడను. నడిపించండి లోపలికి!" అని అరిచాడు.

డప్పులు ఆగిపోయాయి. నాగమ్మ వణకలేదు గానీ వెనకున్న ఆడవాళ్ళు ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నారు. డేరా పక్క కంచె వెనక బాలయ్య నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. అమీనుది తెలుగు రానివాడి కోపం కాదు. తెలుగు వచ్చి కూడా ఆ తెలుగు అర్థంకాని వాడి భయం. అక్కడ ఆ రెండు తెలుగులూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేనేమో మూగదాన్ని. నోరు విప్పితే అమీను వైపు మనిషినని అందరికీ తెలిసిపోతుంది.

రజియా నా వైపు చూసింది. ఈసారి నా నోట్లో గుడాలు కుక్కలేదు. నడుం మీద గట్టిగా గిల్లింది.

"అమీను గారండీ అమీను గారండీ
అరచెంప గడ్డమే మీకందమండీ
మారేడు ఆకుని చూశారండీ
దళమని దానిని పట్టారండీ
తులసీదళముంది మా పెరట్లోనండీ
బేడీలు పట్టుకుని రేపు రారండీ!"

అంత చేదు నాలుకతో నా జన్మలో పాడలేదు. చివరి 'అండీ' సాగదీసి వదిలేసరికి నాగమ్మ నోరు తెరుచుకుని నన్ను చూస్తోంది. అమీను కూడా నన్నే చూస్తున్నాడు. ముందు మీసం కదిలింది. తర్వాత నురగ చెంప కదిలింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. వియ్యంకుడు నవ్వాడంటే వియ్యం ఒప్పుకున్నట్టే, ఇక చట్టం అడ్డురాదు.

"తులసికి బేడీలా! మా అమ్మ ఇలాగే తిట్టేదండీ పెళ్ళిళ్ళలో" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఇక్కడికొచ్చినప్పటినుంచీ నన్నొక్కళ్ళూ తిట్టలేదండీ. అందరూ దండాలే. దండం పెట్టి తలుపేసుకుంటారు."

మా వెంట వచ్చిన సాయన్న, క్యాంపులో ఆపేసిన తమ బండిలోంచి మారేడు బుట్ట తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "గిదే సార్ మా దళం. తుపాకి లేదు, తూటా లేదు."

అమీను ఒక ఆకు తీసి, మూడు రేకులూ లెక్కపెట్టి, జవాను వైపు తిరిగాడు. "ముగ్గురన్నావు, వీళ్ళేనా?" జవాను నేల చూపులు చూశాడు. "ఆకుని పట్టుకున్నానని పైకి ఎలా రాయనురా?" అని అమీను తల కొట్టుకున్నాడు. గంధం కాస్తా నెత్తికి అంటింది.

"వియ్యంకుడ, కట్నమియ్యి. లేకుంటె ఇంకోటి ఎత్తుకుంట" అంది నాగమ్మ.

"వద్దు తల్లీ" అని ఆయన కంచె వైపు చెయ్యి చూపించాడు. బాలయ్య, భజన వాళ్ళందరూ బయటికొచ్చారు. మారేడు బుట్టను మాత్రం జవాను నెత్తిన పెట్టించాడు. అతను ముందు నడిచాడు. వెనక బాలయ్య అదే పాట ఎత్తుకున్నాడు, దళం వచ్చె తలుపు తీయవయ్యా అని, కొండాపూర్ దాకా గొంతు దించకుండా. వింటుంటే రజియా వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. ఆయన ఈ పాట మధ్యలో హార్మోనియం పెట్టుకుని, బొంతలు లేకుండా, ఆరుబయట కూర్చుని ఉంటే ఎంత బాగుండును అనిపించి ఏడ్చాను కూడా.

తిట్లు తినే పంక్తి

లగ్నానికి ముందే తలంబ్రాలు సిద్ధమయ్యాయి. యాదమ్మ ముఖం చూడాలి ఆ రోజు! భోజనాల వేళకు అమీను కూడా వచ్చాడు, రెండు చెంపలూ నున్నగా. పెళ్ళికొడుక్కి కట్నంగా కొత్త వాసన సబ్బు తెచ్చాడు. ఆడవాళ్ళు ఆ సబ్బు మీద కూడా పాట కట్టారు.

ఊరంతా మాత్రం నా చుట్టూ మూగింది. వస పని చేసిందన్న వార్త డప్పుల కంటే ముందే చేరింది. ఇద్దరు తల్లులు చంటిపిల్లలను తెచ్చి నాగమ్మ ముందు దించారు. ఇక లాభం లేదని రజియా నిజం చెప్పేసింది.

నాగమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"మాకు బయపడి నోరు మూసుకున్నవా బిడ్డా? నీ మాట ఇంటే కొడ్తమనుకున్నవా?"

ఆ ఒక్క నిమిషం నేను నిజంగానే మూగదాన్ని.

"మాకు కోపం ఉన్నది. లేదని అనను. నౌకరీలకాడ ఉన్నది. అన్నం కాడ లేదు" అంది నాగమ్మ. అని వెంటనే వెనక్కి తిరిగి ఆడవాళ్ళకు ఏదో సైగ చేసింది. అందరూ నన్ను బచ్చాల పంక్తిలో, వియ్యపురాలు కూర్చునే పీట మీద కూలేశారు.

"అండీ అండీ అన్నాదే ఓ వదినా
ఆరు బచ్చాలు మింగిందె ఓ వదినా
మూగదానికి ఇంత నోరుంటె వదినా
మాటలొస్తె ఊరు మిగులునా వదినా"

నా యాసను వెక్కిరిస్తూ, నా తిండిని లెక్కపెడుతూ వాకిలంతా పాడింది. కోపం రాకూడదన్నది నియమం. రాలేదు కూడా. హైదరాబాదులో నా మాట విని ముఖం తిప్పుకున్నవాళ్ళు నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. ఇక్కడ తిట్టిపోస్తున్నారు, నాకు కడుపు నిండిపోతోంది. కట్నంగా నా చేతి గడియారం ఇవ్వబోతే నాగమ్మ తోసేసి, ఇంకో పాట పాడమంది. పాడాను.

తిరుగు బస్సు

బయల్దేరేటప్పుడు నాగమ్మ నా కొంగుకు చిన్న వస కొమ్ము కట్టింది. "ఎవడన్న నోరు మూసుకొమ్మంటే గిది జెర నాలికెకు రాసుకో" అంది.

బస్సులో నా పక్కన కూర్చున్నామె బియ్యం మూట కాళ్ళ దగ్గర సర్దుకుంటూ అడిగింది. "ఏ ఊరమ్మా మీది?"

అలవాటుకొద్దీ రజియా ముందుకు వంగింది. ఆమె నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను.

"తెనాలి దగ్గరండీ. కొండాపూర్‌లో మా వియ్యాలవారున్నారు. చూసి వస్తున్నాం."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అండీ...?" అంది, నాలాగే సాగదీస్తూ.

నేను కొంగు ముడి గట్టిగా పట్టుకుని, "తిట్టండి పర్వాలేదు. పాట కడితే ఇంకా మంచిది" అన్నాను.